రిపేరు సెట్టుకి కాదు, హాలుకి

ఎడిటర్ గారికి నమస్కారం.

పండక్కి ఇంట్లోనే సినిమా హాలు పెట్టుకోవడం ఎలా అని మీ ఆదివారం అనుబంధంలో ఒక పేజీ నిండా వేశారు. ఏ బడ్జెట్‌కి ఏ సౌండ్‌బార్, ఎన్ని అంగుళాల టీవీకి ఎన్ని బాక్సులు, ఎన్ని వాట్లు, అన్నీ ఉన్నాయి. ఆ బాక్సులు పెట్టే గది గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. అది చదివి వేలకు వేలు పెట్టి కొనేది మీ పాఠకులే కాబట్టి నాకు తెలిసింది కాస్త వివరంగా రాస్తున్నాను. నిడివి ఎక్కువైందనిపిస్తే కత్తిరించుకోండి, కోడిగుడ్ల ట్రేల సంగతి మాత్రం ఉంచండి.

నేను విజయనగరంలో యాంప్లిఫయర్లు, హోం థియేటర్లు బాగుచేసి బతికేవాణ్ణి. నా కొట్టుకి వచ్చే సెట్లలో చాలావాటికి ఏ రోగమూ ఉండదు. "ఏటి బాబూ, ఇంత డబ్బెట్టి కొన్నాం, పాటలు గోలగోలగా వస్తన్నాయి, మాటలైతే ఒక్క ముక్క తెలీట్లేదు, బోర్డేదో పోయుంటాది చూడు" అంటూ తెచ్చి బల్ల మీద పెడతారు. నేను అక్కడే వైర్లు కలిపి వినిపిస్తే శుభ్రంగా పాడుతుంది. నేనేదో గారడీ చేశానని వాళ్లకి అనుమానం. గారడీ ఏమీ లేదు, నా కొట్టు నిండా అట్టపెట్టెలు, చిరిగిన కోన్లు, వైరు చుట్టలు, ఒక మూల చుట్టిపెట్టిన పాత పరుపు, మనిషి పక్కకి తిరిగి నడవాల్సినంత సామాను, అందులో శబ్దం ఎక్కడ పడితే అక్కడ ఇంకిపోతుంది. అదే సెట్టు ఇంటికి తీసుకెళ్లి కొత్త హాల్లో పెట్టగానే కథ మళ్లీ మొదటికొస్తుంది.

కొత్త హాలు అంటే మా వైపు ఇప్పుడు ఎలా ఉంటోందో చూడండి. కింద నిగనిగలాడే విట్రిఫైడ్ టైల్స్, పైన శ్లాబు, దాని కింద పీవోపీ, పుట్టీ కొట్టి నున్నగా రుద్దిన గోడలు, ఒక వైపంతా జరిపే అద్దాల తలుపు, టీవీ వెనక గ్రానైటో అద్దంలా మెరిసే లామినేటో, మధ్యలో గాజు టీపాయ్. తుడుచుకోవడానికి సుఖమే. కానీ వీటిలో ఒక్కటి కూడా శబ్దాన్ని తాగదు, తగిలినదాన్ని తగిలినట్టు వెనక్కి కొడుతుంది. ఇలాంటి హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు వెనకాలే రేకు మీద మేకుతో గీసినట్టు ఒక సన్నని మోత సాగిందంటే ఎదురెదురు గోడల మధ్య శబ్దం అటూ ఇటూ కొట్టుకుంటోందని లెక్క. హీరో ఒక మాట అంటాడు, ఆ మాట చావకముందే రెండో మాట వచ్చి దాని మీద పడుతుంది, మనం రిమోట్ తీసుకుని సౌండు పెంచుతాం, పెంచితే మోత కూడా దాంతోపాటే పెరుగుతుంది. చివరికి సెట్టు మంచిది కాదని తేల్చేస్తాం.

ఈ విషయాన్ని మొదట లెక్క కట్టి చూపించినవాడు అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పే వాలెస్ సబీన్. 1895లో అక్కడ కొత్తగా కట్టిన ఒక లెక్చర్ హాల్లో మాస్టారు చెప్పేది పిల్లలకి అర్థం కావట్లేదని, సంగతేంటో చూడమని ఈయనకి అప్పగించారు. ఆయన రాత్రిళ్లు ఊరు సద్దుమణిగాక పక్కనున్న థియేటర్ సీట్ల మీది దిండ్లు మోసుకొచ్చి ఆ హాల్లో పరిచి, ఆర్గన్ గొట్టం ఊదించి, అది ఆపాక శబ్దం చెవికి పూర్తిగా వినపడకుండా పోవడానికి ఎంతసేపు పడుతోందో స్టాప్‌వాచ్‌తో చూశాడు, తెల్లారేలోపు దిండ్లు ఎక్కడివక్కడ పెట్టేశాడు. దిండ్లు లేనప్పుడు ఐదున్నర సెకన్లు, పరిచేకొద్దీ తగ్గుతూ వచ్చింది. అందులోంచి పుట్టిన సూత్రాన్ని ఇంజినీర్లు ఈనాటికీ వాడుతున్నారు. గది ఘనపరిమాణాన్ని ఘన మీటర్లలో తీసుకుని 0.161తో హెచ్చించి, గది శబ్దాన్ని తాగే మొత్తంతో (నేల, గోడలు, పైకప్పు ఒక్కోదాని చదరపు మీటర్లని అది తాగే వంతుతో హెచ్చించి కూడితే వచ్చేది) భాగిస్తే మోత ఎన్ని సెకన్లు నిలుస్తుందో వచ్చేస్తుంది. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలు ఆయన లెక్కల ప్రకారం కట్టిందే.

ఆ లెక్క మన ఇంటికి వేద్దాం. పన్నెండు అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడుగు, పది అడుగుల ఎత్తు. టైల్స్, సిమెంటు గోడలు నూటికి రెండు మూడు వంతుల శబ్దాన్ని మాత్రమే తాగుతాయి. ఆ గది ఖాళీగా ఉంటే మోత మూడు నుంచి ఐదు సెకన్ల దాకా నిలుస్తుంది. పాటలు, సినిమా మాటలు తేటగా వినాలంటే ఇంటి గదిలో అది 0.3 నుంచి 0.5 సెకను మధ్య ఉండాలి. సోఫా, మనుషులు, కర్టెన్లు చేరితే కొంత దిగుతుంది, అయినా టైల్స్ హాల్లో ఇంకా చాలా దూరం మిగిలే ఉంటుంది. షోరూంలో విన్నప్పుడు అంత బాగున్నది ఇంట్లో ఎందుకు లేదంటే ఇదే. అక్కడ డెమో గదికి కింద కార్పెట్, గోడలకి మెత్తటి గుడ్డ కట్టి ఉంటాయి. మీకు సెట్టు అమ్ముతారు, గది అమ్మరు కదా.

మా ఊరి సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా సంగీత కళాశాల మొదలైన ఊరు ఇది. ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊరు, ఘంటసాల గారు వచ్చి చదువుకున్న ఊరు, సుశీల గారు పుట్టిన ఊరు. ఇంత వినికిడి ఉన్న ఊళ్లో ఇల్లు కట్టేటప్పుడు ఇందులో పాట ఎలా వినపడుతుంది అని ఒక్క మేస్త్రీ గానీ ఒక్క ఇంజినీరు గానీ అడగరు. ఈశాన్యం మూల గురించి ఆరు నెలలు ఆలోచిస్తారు. పాత పెంకుటిళ్లలో ఈ బాధ లేదంటే ఆనాటి వాళ్లు పెద్ద శాస్త్రం తెలిసి కట్టారని కాదు. మండువా పైన ఆకాశమే కాబట్టి సగం శబ్దం అటే పోయేది, పెంకుల కింద దూలాలూ వాసాలూ ఎగుడుదిగుడుగా ఉండి మిగతాదాన్ని చెదరగొట్టేవి, నవారు మంచాలు, బొంతలు, ధాన్యం బస్తాలు ఎటూ ఉండేవి. అలాంటి ఇంట్లో చిన్న రేడియో కూడా తియ్యగా పలికేది.

ఇక మందు. ముందు కింద, సోఫాకీ టీవీకీ మధ్య ఖాళీ జాగాలో మందపాటి తివాచీ గానీ, రెండు మూడు మడతలు వేసిన జంపఖానా గానీ పరచండి. అద్దాల తలుపుకి బరువైన కర్టెన్ వేయండి, సాగదీసి కట్టకుండా అద్దం కంటే రెట్టింపు వెడల్పు గుడ్డ తీసుకుని కుచ్చులు పడేలా వేలాడదీస్తేనే పని చేస్తుంది. సోఫా వెనక గోడకి పుస్తకాల అల్మరా ఉంటే, అదీ తలుపుల్లేనిది, రకరకాల సైజుల పుస్తకాలతో నిండి ఉంటే, చాలా మేలు. తర్వాత పక్క గోడలు. సోఫాలో మీరు ఎప్పుడూ కూర్చునే చోట కూర్చోండి, ఇంట్లో ఒకరిని చేతిలో అద్దం పట్టుకుని, అది గోడకి ఆనించి, మీ చెవి ఎత్తులో మెల్లగా జరుపుకుంటూ వెళ్లమనండి. ఆ అద్దంలో మీకు బాక్సు ఎక్కడ కనపడితే, ఆ బాక్సు శబ్దం గోడకి తగిలి మీ మీదకి వచ్చేది సరిగ్గా అక్కడి నుంచే. అక్కడొక పెన్సిల్ గీత పెట్టుకోండి. గది నాలుగు గోడలకీ ఏదో ఒకటి అంటించక్కర్లేదు, రెండు పక్కలా ఆ గీతల దగ్గర చెరొక మెత్తటి పలక పెడితే మాట విడివిడిగా వినపడటం మొదలవుతుంది. ఇది చూపించినప్పుడు నమ్మని కస్టమర్ నాకింతవరకూ తగల్లేదు, ఎందుకంటే చేతిలో రెండు దిండ్లు పట్టుకుని అక్కడ నిలబడినా తేడా తెలుస్తుంది.

ఆ పలక ఇంట్లోనే చేసుకోవచ్చు. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడుగు, నాలుగంగుళాల లోతు చెక్క చట్రం, అందులో రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన పీచు) గానీ బాగా ఏకిన దూది గానీ నింపి, పైన గోనె గుడ్డ బిగించడం, అంతే. గుడ్డ సంగతిలో ఒక చిన్న పరీక్ష ఉంది, నోటికి ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి. గాలి పోయిందంటే శబ్దం కూడా లోపలికి పోతుంది. రెక్సిన్ వేశారా, ఎంత దూది పెట్టినా దండగే, పై స్వరాలన్నీ వెనక్కి వచ్చేస్తాయి. పొందూరు ఖద్దరు బ్రహ్మాండంగా పని చేస్తుంది కానీ ఆ ధరకి గోడకి కట్టమని నేను చెప్పలేను, పంచె కట్టుకోండి. రాక్‌వూల్ పని చేసేటప్పుడు చేతులకి గ్లోవ్స్, ముక్కుకి మాస్కు ఉండాలి. పలకని గోడకి అతికించకుండా వెనక మూడు నాలుగంగుళాల ఖాళీ వదిలితే ఇంకా కింది స్వరాలదాకా తాగుతుంది, పైగా మన వానాకాలం తేమకి గోడ చెమ్మ దానికి పట్టదు.

ఇప్పుడు కోడిగుడ్ల ట్రేలు. ఫోన్లో వీడియోలు చూసి కుర్రాళ్లు గది నిండా ఇవే అంటిస్తున్నారు. పల్చటి అట్ట అది, పైపై గలగలని కొంచెం చెదరగొడుతుందేమో గానీ మాటకీ, బేస్‌కీ చేసేదేమీ లేదు. థర్మోకోల్ అయితే ఆపాటి కూడా కాదు. అంగుళం మందం నల్ల ఫోము ముక్కలు ఆన్‌లైన్లో తెప్పించుకునేవాళ్లకీ ఇదే మాట. శబ్దం సెకనుకి సుమారు 345 మీటర్లు పోతుంది. దాన్ని హెర్ట్జ్‌తో, అంటే ఆ శబ్దం సెకనుకి ఎన్నిసార్లు అదురుతుందో ఆ సంఖ్యతో, భాగిస్తే ఒక తరంగం పొడుగు వస్తుంది. మెత్తటి సరుకు బాగా పని చేయాలంటే దాని మందం ఆ తరంగం పొడుగులో పావు వంతుకి దగ్గరగా ఉండాలి. అంగుళం ఫోముకి ఆ లెక్క మూడు వేల హెర్ట్జ్ పైన ఎక్కడో కుదురుతుంది. వంద హెర్ట్జ్ డప్పు శబ్దానికి ఆ పావు వంతు 86 సెంటీమీటర్లు. అంటే గది నిండా పల్చటి ఫోము కొడితే పైన ఉండే మెరుపంతా చచ్చిపోయి, కింద బుడబుడ అలాగే ఉండి, గదిలో కూర్చుంటే చెవులు మూసుకుపోయినట్టు అనిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, అట్టలూ చవక ఫోమూ ఇట్టే అంటుకుంటాయి. దీపం పెట్టే గది పక్కనే వీటిని గోడలకి కొట్టే ఇళ్లు చూశాను, చూస్తేనే టెన్షన్ వస్తుంది.

బేస్ సంగతి వేరు, అది గది కొలతల మీద ఆడుతుంది. పన్నెండడుగుల గోడకీ ఎదుటి గోడకీ మధ్య 47 హెర్ట్జ్ దగ్గర, పదడుగులైతే 57 దగ్గర శబ్దం నిలిచిపోయి ఉబ్బుతుంది. ఇక మన చిన్న బెడ్రూములు పదడుగుల వెడల్పు, పదడుగుల పొడుగు, శ్లాబు ఎత్తూ పదే. మూడు వైపులా ఉబ్బు ఒకే చోటకి వచ్చి పడుతుంది, ఒక్క స్వరం మాత్రం "గుమ్" అని కడుపులో తగిలి, పక్క స్వరం అసలు లేనట్టు ఉంటుంది. మొత్తం ఇంట్లో హోం థియేటర్ పెట్టడానికి అన్నిటికన్నా చెడ్డ గది ఏదంటే ఆ చదరపు గదే, మనవాళ్లు ఎక్కువగా పెట్టేదీ అందులోనే. సబ్‌వూఫర్‌ని (బేస్ ఒక్కటే పలికే పెద్ద బాక్సు) మూలకి తోస్తే బేస్ పెరుగుతుంది, నిజమే, కానీ ఆ ఉబ్బులన్నీ కూడా గరిష్ఠంగా లేస్తాయి. దీనికి ఒక మోటు పద్ధతి ఉంది, భలే పని చేస్తుంది. సబ్‌వూఫర్‌ని ఎత్తి మీరు కూర్చునే సోఫా మీదే పెట్టండి, బేస్ బాగా ఉన్న పాట ఒకటి పెట్టి, మీరు గోడల వెంబడి మోకాళ్ల మీద పాకుతూ వెళ్లండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఏ చోట బేస్ ప్రతి స్వరమూ సమానంగా, బిగువుగా వినపడిందో అక్కడ సబ్‌వూఫర్ పెట్టి మీరు వెళ్లి సోఫాలో కూర్చోండి. సోఫాని వెనక గోడకి ఆనించకండి, గోడ దగ్గర బేస్ ఎప్పుడూ ఉబ్బే ఉంటుంది. గది పొడుగులో సరిగ్గా సగం దగ్గర కూడా వద్దు, అక్కడ కొన్ని స్వరాలు మాయమవుతాయి. రిసీవర్‌తో (బాక్సులన్నిటినీ నడిపే యాంప్లిఫయర్ పెట్టె) వచ్చే చిన్న మైకు పెట్టి ఆటోమేటిక్‌గా సరిచేస్తామంటారు. అది ఉబ్బుని తగ్గించగలదు, మాయమైనచోట స్వరాన్ని పుట్టించలేదు, అలా పుట్టించబోయి యాంప్లిఫయర్ వేడెక్కడం తప్ప ఫలితం ఉండదు. కంప్యూటర్ తెలిసిన పిల్లలుంటే రూం ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఒక కొలత మైకు పెడితే మీ గదిలో ఏ స్వరం ఉబ్బుతోందో, ఏది తగ్గుతోందో బొమ్మ గీసి చూపిస్తుంది.

మాటలు వినపడట్లేదనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం మాత్రం టీవీ షోకేసే. వడ్రంగి అందంగా గూళ్లు కట్టి ఇస్తాడు, మధ్య బాక్సుని ఆ గూట్లో లోపలికంటా నెట్టేసి, ముందు ఒక ఏనుగు బొమ్మ పెడతారు. సినిమాలో మాటలన్నీ వచ్చేది ఆ మధ్య బాక్సులోంచే. మొన్న శ్రీకాకుళంలో ఒక ఇంట్లో నేను చేసిందల్లా ఏనుగుని తీసి, బాక్సుని గూటి అంచుదాకా ముందుకి లాగి, దాని ముందు భాగం కింద రెండు రబ్బరు బిళ్లలు పెట్టి మూతి కొంచెం పైకి, కూర్చున్నవాళ్ల ముఖాల వైపు తిప్పడమే. ఆ ఇంటి పెద్దావిడ "ఇప్పుడు తెలస్తంది నాయనా, ఇన్నాళ్లూ సీరియల్లో ఆ అత్తగారు ఏటంటందో తెలిసేది కాదు" అంది. మిగతా రెండు బాక్సులు మీతో కలిపి మూడు వైపులూ సమానమైన త్రికోణంలో ఉండాలి, ట్వీటర్ (బాక్సులో పై స్వరాలు పలికే చిన్న స్పీకరు) చెవి ఎత్తులో ఉండాలి, గోడకి రెండడుగులైనా ఎడం ఉండాలి. అటక మీద పెట్టి కిందకి వంచితే గుళ్లో మైకులా వినిపిస్తుంది.

సౌండ్‌బార్లు కొనేవాళ్లకి ఒక్క మాట. పైనుంచి, పక్కలనుంచి శబ్దం వస్తుందని పెట్టె మీద రాసేవి ఆ శబ్దాన్ని మీ సీలింగ్‌కీ గోడలకీ కొట్టి మీ మీదకి తిప్పుతాయి. దానికి చదునైన గట్టి సీలింగ్ కావాలి, రెండు పక్కలా గోడలుండాలి. ఒక పక్క డైనింగ్‌లోకి తెరిచి ఉన్న హాల్లో, వాలు రేకుల గదిలో ఆ డబ్బు వృథా.

వైర్ల దగ్గర ఎక్కువసేపు ఆగను. ఒక బాక్సుకి ప్లస్ మైనస్ తారుమారైతే బేస్ ఎటో పోతుంది, మధ్యలో రావాల్సిన గొంతు గది అంతా తిరుగుతుంది. అనుమానం ఉంటే వైర్లు యాంప్లిఫయర్ నుంచి తీసి, 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లుని క్షణం పాటు తాకించండి, ప్లస్ ప్లస్‌కి తగిలితే వూఫర్ (బాక్సులో కింది స్వరాల పెద్ద స్పీకరు) కోన్ బయటికి ఉబకాలి. అదే పనిగా "గుయ్" మంటుంటే చాలాసార్లు కేబుల్ టీవీ వైరు ద్వారా వచ్చే ఎర్త్ గొడవ, కేబుల్ పీకి చూడండి, ఆగిపోతే అదే. దానికోసం ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసే మహానుభావులున్నారు, ప్రాణాలు పోతాయి. సముద్రం దగ్గర ఊళ్లవాళ్లు, కళింగపట్నం, బారువ వైపు, ఏడాదికోసారి వైరు కొసలు కత్తిరించి కొత్తగా బిగించుకోండి, ఉప్పుగాలికి ఆ రాగి పచ్చబడిపోతుంది. వూఫర్ చుట్టూ అంచు ఫోముదైతే మన ఉక్కకి కొన్నేళ్లలో పొడి పొడిగా రాలిపోతుంది, కొనేటప్పుడే రబ్బరు అంచు ఉన్నది అడగండి.

మీ వ్యాసంలో నాకు కోపం తెప్పించింది వాట్లే. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేసే పీఎంపీవో వాట్లకి (ఒక్క క్షణం పాటు ఇస్తుందని చెప్పుకునే లెక్క) అర్థం లేదు, చూడాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే సెట్టు ఆగకుండా ఇవ్వగలిగే వాట్లు. అదైనా, యాభై వాట్లకి బదులు వంద పెడితే పెరిగేది మూడు డెసిబెల్స్, చెవికి కొంచెం తేడా. రెట్టింపు సౌండు అనిపించాలంటే పది డెసిబెల్స్ పెరగాలి, అంటే వాట్లు పదింతలు. మామూలు హాల్లో మామూలుగా వినేటప్పుడు బాక్సులోకి పోయేది చాలాసేపు ఒకటి రెండు వాట్లే. వాట్ల కోసం పెట్టే అదనపు డబ్బులో నాలుగో వంతు కర్టెన్‌కీ పలకలకీ పెడితే వినేవాడికి తెలిసే తేడా ఎక్కువ.

ఇంకొకటి, పలకలు కొడితే పక్కింటికి శబ్దం పోదని చాలామంది అనుకుంటారు. అవి గదిలో మోతని తగ్గిస్తాయి, బయటికి పోయేదాన్ని ఆపవు. ఆపేది బరువూ, సందు లేకపోవడమూ. ఇటుక గోడ బాగానే ఆపుతుంది, తలుపు కింద వేలెడు సందు, సరిగ్గా మూసుకోని కిటికీ ఉంటే ఆ గోడ పడ్డ శ్రమంతా అక్కడే పోతుంది. తలుపుకి చుట్టూ రబ్బరు పట్టీ, కింద బ్రష్ పట్టీ వేయించండి. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ పరిమితి. అపార్ట్‌మెంట్లలో సబ్‌వూఫర్‌ని నేల మీద నేరుగా పెట్టకుండా కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేస్తే కింది ఫ్లాటువాళ్ల చేత మాటలు పడక్కర్లేదు.

మీకు నా మనవి. ఇకమీదట ఇలాంటి పేజీ వేస్తే ప్రతి సెట్టు పక్కనా అది ఎంత గదికి, ఎలాంటి గదికి పనికొస్తుందో కూడా వేయండి. మీ జిల్లా పేజీ విలేకరులకి ఇంకో పని కూడా ఉంది. నెల్లిమర్ల జూట్ మిల్లు మా పక్కనే, కొబ్బరిపీచు తీసే మిల్లులు కంచిలి, కవిటి వైపు ఉన్నాయి. జనపనారా, కొబ్బరిపీచూ రెండూ శబ్దాన్ని తాగే సరుకులే, మందంగా, పీచు పీచుగా ఒత్తాలి, అంతే. అయినా మా కస్టమర్లు ఫోము పలకలు ఎక్కడెక్కడి నుంచో కొరియర్లో తెప్పించుకుంటున్నారు. నాలుగంగుళాల మందం, రెండడుగులు బై నాలుగడుగులు, చెదలు పట్టకుండా, తొందరగా అంటుకోకుండా మందు పట్టించి ఇక్కడే ఎవరైనా చేస్తారేమో కనుక్కుని రాయండి. చేసేవాళ్లు దొరికితే మొదటి ఆర్డరు నాదే.

ఇట్లు,
ఒక యాంప్లిఫయర్ మెకానిక్,
విజయనగరం